కార్నియా మార్పించుకున్నాక ఎన్నేళ్ళు? మీ ఉత్తరాలకి డాక్టర్ జవాబులు

పోయిన నెల నేత్రదానం గురించి వేసిన పేజీ చూసి చాలామంది రాశారు. చదువుతూ పోతే సగానికి పైన దానం చేసేవాళ్ళవి కాదు, కార్నియా (నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర) మార్పించుకున్నవాళ్ళవి, వాళ్ళింట్లోవాళ్ళవి. ఆపరేషన్ బానే అయింది, ఇక తర్వాతేంటి, ఎన్నాళ్ళుంటుంది, చుక్కలు ఎప్పుడాపాలి, ఇవే ప్రశ్నలు. డిశ్చార్జి రోజు హడావిడిలో డాక్టర్ చెప్పింది సగం గుర్తుండదు, ఇంటికొచ్చాక అడగడానికి మనిషి దొరకరు, నాకు తెలుసు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇమ్మని అడిగాను. పేర్లు వెయ్యట్లేదు. ఒక ఉత్తరం అర్జెంటు, అది ముందు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు ఏడేండ్ల కింద కుడి కంటికి కార్నియా మార్చిన్రు, ఇన్ని రోజులు మంచిగనే కనవడ్డది. నాలుగు రోజుల సంది కన్ను ఎర్రగైంది, లైటు దిక్కు చూడలేకపోతున్న, పొద్దుగాల లేస్తే అంతా మసక మసకగ ఉంటుంది. మా ఊర్ల కండ్లకలక నడుస్తుంది, మెడికల్ షాపాయన గూడ అదే అని చుక్కల మందు ఇచ్చిండు. ఏడేండ్ల తర్వాత రిజెక్షన్ అయితే రాదు కదా? – ఒక పాఠకుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: వస్తుందన్నా. మీ ఉత్తరం చదవంగానే పత్రిక వాళ్ళతో మీకు ఫోన్ చేయించాను, ఆ రోజే బయల్దేరతానన్నారట, ఇది చదివేసరికి చూపించుకుని ఉంటారనే అనుకుంటున్నా. ఇక్కడ రాసేది మిగతావాళ్ళ కోసం.

రిజెక్షన్ ఎక్కువగా మొదటి ఏడాది, రెండేళ్ళలోనే వస్తుంది, అందుకని ఆ రెండేళ్ళూ దాటగానే గండం గడిచిందనుకుంటారు అందరూ. కానీ పదేళ్ళకి వచ్చినవాళ్ళున్నారు, ఇరవయ్యేళ్ళకి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ కార్నియా మీ కంట్లో ఎన్నేళ్ళున్నా సరే మీ ఒంటికి అది బయటి మనిషిదే, ఎప్పుడో ఒకప్పుడు గుర్తుపట్టి దాని మీదకి పోవచ్చు. నాలుగే గుర్తులు: ఎరుపు, వెలుతురు పడకపోవడం, చూపు తగ్గడం, నొప్పి. నాలుగూ కలిసి రావాలని లేదు, కొంతమందికి నొప్పే ఉండదు, ఉత్త మసకే ఉంటుంది. ఏ ఒక్కటైనా సరే ఒక రోజుకి మించి ఉంటే రెండో రోజు మీరు కంటాసుపత్రిలో ఉండాలి, సోమవారం చూద్దాం, పండగయ్యాక చూద్దాం అని కాదు. తొందరగా వస్తే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చుక్కలు గంట గంటకీ వేయించి చాలా కళ్ళని వెనక్కి తెచ్చుకోగలం. వారం పది రోజులు గడిచిపోతే అప్పటికే కార్నియాని క్లియర్‌గా ఉంచే లోపలి కణాలు చాలావరకు పోయి ఉంటాయి, అవి మళ్ళీ పుట్టవు.

మెడికల్ షాపు చుక్కలు వద్దని ఎందుకు ఇంతగా చెప్తామో కూడా చెప్తాను. మార్చిన కన్ను ఎర్రబడితే అది రిజెక్షన్ కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి కానీ వైద్యం పూర్తిగా ఎదురు. రిజెక్షన్‌కి స్టెరాయిడ్ కుమ్మరించాలి, ఇన్ఫెక్షన్‌కి అదే స్టెరాయిడ్ వేస్తే కన్నే పోతుంది. ఏది ఏదో స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దగా చేసి చూపే లైటు మైక్రోస్కోపు) కింద చూస్తే తప్ప మాకే తెలీదు, షాపు కౌంటర్ అవతల నుంచి ఎవరికి తెలుస్తుంది.

ఇంకోటుంది, కుట్టు తెగడం. మేము కుట్టేది నైలాన్ దారంతో, తల వెంట్రుక కన్నా బాగా సన్నం, మామూలుగా చుట్టూ పదహారు కుట్లు వేస్తాం. కొన్నేళ్ళకి ఆ దారం పాడై దానంతటదే తెగుతుంది. స్లిట్ ల్యాంప్ కింద చూస్తే తెగిన కొస ఒకటి పైకి లేచి నిలబడి ఉంటుంది, దాని చివర కాస్త పుసి అంటుకుని ఉంటుంది, కుట్టు మొదట్లో తెల్లటి చుక్క, తెల్లగుడ్డు వైపు నుంచి ఎర్రటి నాళం ఒకటి అటే పాకుతూ వస్తుంటుంది. మనిషిని అడిగితే ‘ఏం లేదండీ, నలక పడ్డట్టుంది అంతే’ అంటారు. ఆ కొసని పట్టుకుని తీసేయడం రెండు నిమిషాల పని. తీయకపోతే అక్కడే చీము పడుతుంది, ఆ నాళం దారినే రిజెక్షన్ కూడా వస్తుంది. కాబట్టి మార్చిన కంట్లో నలక అనిపిస్తే అది నలక కాదనుకునే రండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయన వ్యవసాయం చేస్తారు, వయసు 47. వరి నూర్పిళ్ళప్పుడు కంట్లో గడ్డి గుచ్చుకుని పుండు పడింది, ఫంగస్ అన్నారు, మందులకి తగ్గకపోతే కార్నియా మార్చారు. రెండేళ్ళయింది, కాస్త మసగ్గా అయినా కనపడుతోంది. ఎన్నేళ్ళుంటుందో ఎవరూ కచ్చితంగా చెప్పట్లేదు. ఇంకో సంగతి, మా బంధువొకాయన స్టెరాయిడ్ చుక్కలు అన్నేళ్ళు వాడితే ప్రమాదం, మానిపించండి అంటున్నారు. ఏం చెయ్యమంటారు? – ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, చుక్కలు మాత్రం ఆపకండి, ముందు అది. తర్వాత మిగతాది మాట్లాడుకుందాం.

ఎన్నేళ్ళు అనేదానికి ఒకే జవాబు ఎందుకు లేదంటే, ఆపరేషన్ ఒకటే అయినా ఏ జబ్బుకి చేశారన్నదాన్ని బట్టి ఫలితం భూమికీ ఆకాశానికీ తేడా. 1997లో హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు వాళ్ళ దగ్గర జరిగిన 1,725 కార్నియా మార్పిడుల లెక్క ప్రచురించారు. మొత్తం మీద చూస్తే ఏడాదికి 79.6 శాతం, రెండేళ్ళకి 68.7 శాతం, అయిదేళ్ళకి 46.5 శాతం కార్నియాలు క్లియర్‌గా ఉన్నాయి. సగం కన్నా తక్కువ అని భయపడకండి, విడదీసి చూడండి. కెరటోకోనస్ అని కార్నియా ముందుకి కోసుగా వచ్చే జబ్బుంటుంది, దానికి చేసినవాటిలో అయిదేళ్ళకి 95.1 శాతం బాగున్నాయి. అంతకుముందే ఒకసారి మార్చి ఫెయిలైన కళ్ళలో 21.2 శాతమే. అదే ఆసుపత్రి, అదే పద్ధతి, తేడా అంతా కంటిది. ఆ తర్వాత వైద్యం మెరుగైంది, కొత్త రకం ఆపరేషన్లొచ్చాయి, కానీ ఈ వరస మాత్రం మారలేదు. ఆస్ట్రేలియాలో 1985 నుంచి దేశమంతటా జరిగే కార్నియా మార్పిడుల్ని రిజిస్టర్‌లో రాసుకుంటూ వస్తున్నారు, వాళ్ళు 2008లో వేసిన లెక్కలో మొత్తం మందం (పొరలన్నీ) మార్చినవి ఏడాదికి 87 శాతం, అయిదేళ్ళకి 73, పదేళ్ళకి 60, పదిహేనేళ్ళకి 46 శాతం నిలిచాయి. అక్కడ కెరటోకోనస్ కేసులు ఎక్కువ, మన దగ్గర పుండ్లు, పువ్వులు, రెండో మూడో సారి మార్పిళ్ళు ఎక్కువ, ఆ లెక్కలు చూసేటప్పుడు ఇది కూడా మనసులో పెట్టుకోవాలి.

ఇక మీ ఆయన సంగతి. ఫంగస్ పుండు ఉండగానే చేసే ఆపరేషన్ చూపు కోసం కాదు, కన్ను నిలబెట్టడం కోసం. ఎర్రగా వాచి ఉన్న కంట్లో పెడతాం, పుండు అంచులు దాటి పెద్ద ముక్క వెయ్యాల్సి వస్తుంది, నాళాలు దగ్గరపడతాయి, అందుకని చాలావాటికి కొద్ది నెలల్లోనే మసక వచ్చేస్తుంది. ఆయనకి రెండేళ్ళ తర్వాత కూడా కనపడుతోందంటే నాకు నిజంగా సంతోషంగా ఉందమ్మా, దాన్ని కాపాడుకోవాలి. ఒకవేళ ముందు ముందు అది మసకబారినా కన్ను పోయినట్టు కాదు, ఇన్ఫెక్షన్ లేని కంట్లో చూపు కోసం మళ్ళీ మార్చే వీలుంటుంది.

స్టెరాయిడ్ గురించి మీ బంధువు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అన్నేళ్ళు వాడితే కొంతమందికి కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, అది నీటికాసులు. నొప్పుండదు, ఎరుపుండదు, నరం మెల్లగా ఎండిపోతుంది, కార్నియా అద్దంలా ఉన్నా మనిషికి కనపడదు. శుక్లం కూడా తొందరగా వస్తుంది. దీనికి మందు చుక్కలు మానడం కాదు, మూడు నాలుగు నెలలకోసారి ప్రెషర్ చూపించుకోవడం. ప్రెషర్ పెరుగుతుంటే వేరే రకం, తక్కువ ఘాటు స్టెరాయిడ్‌కి మారుస్తాం, లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్ లాంటివి ఉన్నాయి, ప్రెషర్ చుక్కలు కలుపుతాం. ప్రెషర్ చూపించుకోడానికి ఆపరేషన్ చేసిన చోటికే అంత దూరం పోనక్కర్లేదు, మీ దగ్గర్లో కంటి డాక్టర్ ఎవరైనా చూస్తారు, చీటీ రాయించుకుని దాచండి. రోజుకి ఒక్క చుక్క చొప్పున ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారు, వాళ్ళ కార్నియా నిలబడింది ఆ ఒక్క చుక్క మీదే. ఎర్రగా లేదు కదా, బానే ఉంది కదా అని ఎవరికి వాళ్ళు ఆపేసి, రెండు నెలలకి మసకతో వచ్చేవాళ్ళని చూస్తే మాత్రం చాలా బాధేస్తుంది.

పొలం పనికి వెళ్ళొచ్చు. కానీ కోతలకీ నూర్పిళ్ళకీ మందు కొట్టడానికీ పక్కలు కూడా మూసి ఉండే కళ్ళజోడు లేకుండా వెళ్ళొద్దు. ఏదైనా పడితే మంచినీళ్ళతో కడిగి ఆసుపత్రికి, అంతే. ఆకు పసరు, చనుబాలు, ఆముదం, నాలుకతో నలక తీయించడం, ఇవేవీ మార్చిన కంటికి వద్దు. మంచి కంటికీ వద్దు.

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు. నాకు పెట్టిన కార్నియా దాత వయసు 72 అని కాగితాల్లో చూశాను. అప్పట్నుంచీ మనసులో అదే తొలుస్తోంది, ముసలాయన కన్ను కాబట్టి తొందరగా పాడైపోతుందా? – రాజమండ్రి నుంచి ఒకరు

జవాబు: ఈ అనుమానం డాక్టర్లకే ఉండేదమ్మా. అందుకనే అమెరికాలో 2000 నుంచి 2002 మధ్య వెయ్యి మందికి పైగా పేషెంట్లని తీసుకుని, కొందరికి 65 ఏళ్ళ లోపు దాతలవి, కొందరికి 66 నుంచి 75 ఏళ్ళ దాతలవి పెట్టి ఏళ్ళ తరబడి చూశారు. అయిదేళ్ళకి రెండు గుంపుల్లోనూ 86 శాతం నిలిచాయి, తేడానే లేదు. పదేళ్ళకి 77 శాతం, 71 శాతం. అంటే చాలా ఏళ్ళు గడిచాక కొద్ది తేడా, అంతకుమించి లేదు.

అసలు చూడాల్సింది దాత వయసు కాదు, కణాల లెక్క. కార్నియా లోపలి వైపు ఒకే ఒక్క వరస కణాలుంటాయి, పొలంలో ఊట నీళ్ళని తోడి బయటికి పోసే మోటార్ల లాంటివి, అవి నడుస్తున్నంతసేపే కార్నియా పొడిగా, పారదర్శకంగా ఉంటుంది. పెద్దవాళ్ళలో మిల్లీమీటర్ చదరంలో సుమారు రెండున్నర వేలుంటాయి. ఐ బ్యాంకులో స్పెక్యులర్ మైక్రోస్కోపు కింద ఇవి లెక్కపెట్టి, బాగుంటేనే చూపు కోసం చేసే ఆపరేషన్లకి పంపుతారు. మార్చాక ఇవి మామూలు కంట్లో కన్నా చాలా వేగంగా తగ్గుతాయి, పైన చెప్పిన అమెరికా వాళ్ళ లెక్కలోనే అయిదేళ్ళకి డెబ్భై శాతం దాకా పోయాయి, అయినా ఎక్కువ కార్నియాలు క్లియర్‌గానే ఉన్నాయి. కొన్ని వందలు మిగిలినా లాక్కొస్తాయి, అయిదొందల కన్నా తగ్గితేనే మాకు గుబులు. రిజెక్షన్ వచ్చిన ప్రతిసారీ ఒక్క దెబ్బకి బోలెడు పోతాయి, అందుకే ఎరుపు కనపడితే పరిగెత్తుకు రమ్మనేది. ఏడాదికోసారి సెల్ కౌంట్ చేయించుకోండి, ఆ నంబరు మీరే ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆ పెద్దాయన ఇంట్లోవాళ్ళు పుట్టెడు దుఃఖంలో, పోయిన ఆరు గంటల్లోపు సరే అన్నారు కాబట్టి మీకు చూపొచ్చింది. ఆయన వయసు గురించి దిగులు పడకండి.

ప్రశ్న: హాయ్ డాక్టర్, నేను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా, 35 ఏళ్ళు. కెరటోకోనస్ వల్ల 2011లో హైదరాబాద్‌లో కుడి కంటికి ట్రాన్స్‌ప్లాంట్ అయింది. చాలా ఏళ్ళు బాగుంది, ఈమధ్య సిలిండర్ నంబర్ పెరుగుతూ 5.5 దాకా వచ్చింది, గ్లాసెస్ పెట్టుకుంటే తల తిరుగుతోంది. గ్రాఫ్ట్ ఫెయిల్ అవుతోందా? లేసిక్ చేయించుకోవచ్చా? వీకెండ్స్ క్రికెట్ ఆడతాను, ఓకేనా?

జవాబు: తమ్ముడూ, కార్నియా క్లియర్‌గా ఉండటం వేరు, బాగా కనపడటం వేరు. ఈ రెండోదాని గురించి ఆపరేషన్ ముందు ఎవరూ గట్టిగా చెప్పరు, నాకదే కోపం. గుండ్రటి ముక్కని చుట్టూ కుట్టినప్పుడు అది అన్ని వైపులా ఒకేలా బిగుసుకోదు, వంకర వస్తుంది, అదే సిలిండర్. మూడు నాలుగు ఉండటం మామూలే. కుట్లన్నీ తీసేశాక కూడా, ఇంకా పదేళ్ళు దాటాక, కెరటోకోనస్ వాళ్ళలో ఇది మళ్ళీ పెరుగుతుంది, ఎందుకంటే చుట్టూ మిగిలి ఉన్న మీ సొంత కార్నియా అంచు ఇంకా పల్చబడుతూనే ఉంటుంది. కాబట్టి మీది ఫెయిలవడం కాకపోవచ్చు. మసక లేకుండా వంకరగా, నీడలు నీడలుగా కనపడుతుంటే ఇదే. టోపోగ్రఫీ (కార్నియా వంపుని కొలిచే పరీక్ష), సెల్ కౌంట్ రెండూ చేయించుకుంటే తేలిపోతుంది.

ముందుగా ప్రయత్నించాల్సింది స్క్లెరల్ లెన్స్. పెద్దగా ఉంటుంది, తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది, కార్నియాకి తగలదు, కింద నీళ్ళ పొర ఉండి వంకరని సర్దేస్తుంది. కళ్ళజోడుతో రెండు మూడు లైన్లు చదివేవాళ్ళు దీంతో కింది దాకా చదవడం నేను చాలాసార్లు చూశాను. అలవాటవడానికి కొన్ని వారాలు పడుతుంది, రోజూ శుభ్రం చేసే ఓపిక కావాలి. లేసిక్ అడగొద్దు, కెరటోకోనస్ కంటి మీద, అదీ కుట్టు గీత ఉన్న కంటి మీద నేనైతే ఒప్పుకోను. లెన్స్ అస్సలు పడకపోతే కుట్టు గీత దగ్గర కోత పెట్టి బిగుతు సడలించడం లాంటివి ఉన్నాయి, అవి తర్వాతి మాట.

క్రికెట్ ఆడండి, టెన్నిస్ బాల్ అయినా సరే పాలీకార్బొనేట్ స్పోర్ట్స్ గ్లాసెస్ లేకుండా మాత్రం కాదు. మార్చిన కార్నియా అతుకు ఎన్నేళ్ళయినా పుట్టుకతో ఉన్నంత గట్టిగా అవ్వదు, ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా బంతి తగిలి, పసిపిల్లాడి మోచెయ్యి తగిలి ఆ గీత వెంబడే విడిపోయిన కేసులున్నాయి. అలా జరిగితే లోపలి లెన్సు, రెటీనా కూడా పోయే ప్రమాదం. కబడ్డీ, బాక్సింగ్ ఏ వయసులోనూ వద్దు. కళ్ళు నులుముకునే అలవాటుంటే ఈ రోజుతో ఆపండి, రెండో కంటికి కెరటోకోనస్ ఇంకా పెరుగుతుంటే క్రాస్‌లింకింగ్ (కార్నియాని గట్టిపరిచే వైద్యం) గురించి అడగండి. ఇంకోటి, మీకు చేసింది మొత్తం మందమా లేక డాల్క్ అని పై పొరలే మార్చి మీ లోపలి కణాల్ని అలాగే ఉంచినదా, పాత ఆపరేషన్ నోట్స్ తెప్పించుకుని అక్కడి డాక్టర్‌కి ఇవ్వండి. డాల్క్ అయితే లోపలి కణాలు మీవే కాబట్టి ఆ రకం రిజెక్షన్ భయం లేదు, ఎక్కువ ఏళ్ళు నిలుస్తుంది. ఫ్లూ టీకా, కోవిడ్ టీకా వేయించుకునే ముందు కంటి డాక్టర్‌కి చెప్పండి, టీకా తర్వాత రిజెక్షన్ వచ్చిన కేసులు కొన్ని రాశారు, కొంతమంది డాక్టర్లు ముందే చుక్కలు పెంచుతారు. టీకా మాత్రం మానొద్దు.

ప్రశ్న: మా అమ్మకి 68. రెండేళ్ళ కిందట శుక్లం ఆపరేషన్ అయ్యాక కార్నియాలో నీరు పట్టి, పొద్దుటిపూట అస్సలు కనపడదు, బుడగలు పగిలినప్పుడు నొప్పికి ఏడుస్తుంది. ఒక డాక్టర్ మొత్తం మార్చాలన్నారు, ఇంకొకరు లోపలి పొర ఒక్కటే మారిస్తే చాలన్నారు. ఏది ఎక్కువ కాలం ఉంటుంది? – విశాఖపట్నం

జవాబు: పై పొరల్లో మచ్చ పడకముందే అయితే లోపలి పొర ఒక్కటే మార్పించండి, నా మాట ఇదే. అమ్మకి పాడైంది ఆ లోపలి కణాల వరసే, పాడవని దాన్ని కోసి తీయడమెందుకు. కుట్లు దాదాపు ఉండవు, సిలిండర్ బాధ లేదు, చిన్న దెబ్బకి విడిపోతుందన్న భయం లేదు, చూపు నెలల్లోనే వస్తుంది, ఏడాదిన్నర ఆగక్కర్లేదు. ఈ దారి చూపించింది నెదర్లాండ్స్ డాక్టర్ గెరిట్ మెల్లెస్. డీసెక్ అంటే ఆ కణాల పొరతో పాటు దానికి ఆనుకుని ఉండే కార్నియా సన్నటి ముక్క కూడా పెడతారు, డీమెక్ అంటే కణాల పొర ఒక్కటే, ఇంకా పల్చన. అమెరికాలో ఒకే చోట చేసిన మూడు రకాల ఆపరేషన్లనీ పోలిస్తే రెండేళ్ళలో రిజెక్షన్ మొత్తం మందం వాటిలో 18 శాతం, డీసెక్‌లో 12, డీమెక్‌లో ఒక్క శాతం. ఇంత తేడా మా రంగంలో అరుదు.

కష్టం ఎక్కడంటే మొదటి రోజుల్లో. పొరని కుట్టరు, కంట్లో గాలి బుడగ వదిలి దాంతో అతికిస్తారు, అందుకని ఆపరేషన్ అయ్యాక వెల్లకిలా, కప్పు వైపు చూస్తూ పడుకోవాలి, తినడానికీ బాత్రూంకీ తప్ప లేవకూడదు. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్ళకి ఇది నరకం, ముందే ఇంట్లో రెండు మూడు గంటలు అలా పడుకోబెట్టి చూడండి. కొంతమందికి అంచు ఊడొస్తుంది, మళ్ళీ బుడగ వదలాల్సి వస్తుంది, అది ఫెయిలైనట్టు కాదు. బుడగ కరిగేదాకా విమానం ఎక్కించొద్దు.

ప్రశ్న: మాది మేనరికం. అయిదు నెలల పాపకి రెండు నల్లగుడ్లూ పుట్టినప్పట్నుంచీ పాలరంగులో, నీలంగా ఉన్నాయి. సీహెచ్ఈడీ అని, పుట్టుకతోనే కార్నియా లోపలి కణాలు సరిగ్గా పనిచెయ్యని జబ్బని చెప్పారు, కార్నియా మార్చాలన్నారు. ఇంత చిన్నదానికి చేయిస్తే జీవితాంతం ఉంటుందా? పెద్దయ్యాక చేయిస్తే మంచిదని మా అత్తమ్మ అంటోంది. – ఒక తల్లి, కర్నూలు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మీద కన్నీటి మరకలు కనపడ్డాయి. ముందు ఒక్క మాట, ఇది మీ తప్పు కాదు. మీ ఇద్దరిలోనూ ఒకే జన్యువులో ఒక్కొక్క లోపం దాక్కుని ఉంది, రెండూ పాపకి వచ్చాయి. దక్షిణాదిలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఈ జబ్బు మా ఓపీల్లో తరచూ చూస్తాం. ఇంకో బిడ్డని కనాలనుకుంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం మళ్ళీ ఉంటుంది, ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి. పాపకి కంట్లో ప్రెషర్ చూశారో లేదో అడగండి, పసిపిల్లల్లో నీటికాసులు కూడా ఇలాగే తెల్లగా కనపడుతుంది. ఈ జబ్బున్న కొందరికి పెద్దయ్యేకొద్దీ వినికిడి తగ్గుతుంది, అప్పుడప్పుడూ చెవి పరీక్ష కూడా చేయించండి.

ఎప్పుడు చేయించాలనేది తెలుపు ఎంత చిక్కగా ఉందన్నదాన్ని బట్టి. పాప మొహాలు గుర్తుపట్టి, బొమ్మ వైపు చూసి నవ్వుతుంటే కొంత ఆగే వీలుంటుంది. చూపు నిలపలేకపోతుంటే, కనుగుడ్లు కదులుతూ ఉంటే ఆగకూడదు, ఎందుకంటే పుట్టిన మొదటి నెలల్లో మెదడుకి స్పష్టమైన బొమ్మ అందకపోతే అది చూడటమే నేర్చుకోదు, తర్వాత ఎంత మంచి కార్నియా పెట్టినా ఆ చూపు రాదు. అత్తమ్మకి ఇది నెమ్మదిగా చెప్పండి, ఆవిడ భయం కూడా పాప మీద ప్రేమే.

జీవితాంతం ఉంటుందని మాటివ్వలేను. పిల్లల్లో రిజెక్షన్ ఎక్కువ, వాళ్ళు చెప్పలేరు, నులుముకుంటారు, కుట్లు కొద్ది వారాల్లోనే వదులైపోతాయి, తీయాలన్నా మత్తు ఇవ్వాల్సిందే. పిల్లల్లో కార్నియా తెల్లబడే జబ్బులన్నిట్లోకీ సీహెచ్ఈడీకే ఫలితాలు మెరుగు, ఇది ధైర్యం చెప్పడానికి అంటున్నది కాదు, నిజం. ఇప్పుడు చాలామంది పిల్లలకి కూడా డీసెక్ చేస్తున్నారు, కన్ను తెరిచి కుట్టాల్సిన పని తప్పుతుంది, మీ పాపకి కుదురుతుందేమో అడగండి. ఆపరేషన్ తర్వాత సగం పని మీ చేతుల్లో ఉంటుంది. రోజూ టార్చిలైటు వేసి నల్లగుడ్డు చూడండి, నిన్నటి కన్నా మబ్బుగా ఉందా, ఎర్రగా ఉందా. ఏడుస్తున్నప్పుడు చుక్కలు వేస్తే కన్నీళ్ళతో పోతాయి, నిద్రపోతున్నప్పుడు కింది రెప్ప కాస్త లాగి వెయ్యండి. కళ్ళజోడు ఇస్తే పెట్టించండి, బాగా కనపడే కంటికి పట్టీ వెయ్యమంటే పాప ఎంత ఏడ్చినా వెయ్యండి.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు. సున్నం ప్యాకెట్ నొక్కి ఆడుకుంటుంటే పగిలి కంట్లో పడింది. రెండుసార్లు కార్నియా మార్చారు, రెండూ ఏడాది తిరక్కుండానే తెల్లబడ్డాయి. మూడోసారి చేయించమంటారా? – నిజామాబాద్

జవాబు: వెంటనే అయితే వద్దు. సున్నం కార్నియాని ఒక్కదాన్నే కాల్చదు, నల్లగుడ్డు చుట్టూ అంచులో మూలకణాలుంటాయి, పై చర్మాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించేవి అవే, వాటిని కూడా కాల్చేస్తుంది. ఆ కణాలు లేని కంట్లో ఎవరి కార్నియా పెట్టినా పైన నాళాలు అల్లుకుని తెల్లబడుతుంది, మూడోది కూడా అంతే. ముందు బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ముక్కలుగా చేసి కాలిన కంటి మీద అతికించే స్లెట్ అనే ఆపరేషన్ ఉంది, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లోనే రూపుదిద్దుకుని 2012లో లోకానికి తెలిసింది, ఇప్పుడు వేరే దేశాల్లో కూడా చేస్తున్నారు. అది నిలిచి, కన్ను తెల్లబడకుండా నెమ్మదించాక అవసరమైతే అప్పుడు కార్నియా. 1905లో ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమౌత్స్ ఊళ్ళో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టర్ మనిషికి మొట్టమొదటిసారి కార్నియా మార్చి గెలిచింది కూడా సున్నంతో కళ్ళు కాలిన కూలి మనిషికే, రెండు కళ్ళకీ పెడితే ఒకటి నిలిచింది. అప్పుడు ఈ మూలకణాల సంగతి ఎవరికీ తెలీదు, ఇప్పుడు తెలుసు, అందుకని తొందరపడి ఇంకో దాత కార్నియాని పోగొట్టుకోవద్దు. ఖర్చు గురించి రాశారు, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి ఏది స్కీములో వస్తుందో ముందే అడగండి. ఇది చదివే తల్లిదండ్రులందరికీ చెప్తున్నా, పాన్ సున్నం ప్యాకెట్లు పిల్లల చేతికి అందనివ్వకండి. పడితే ఆసుపత్రికి పరిగెత్తే ముందే కుళాయి కింద అరగంట కడగండి, రెప్ప తిప్పి తెల్ల ముక్కలేమైనా ఉంటే తీసేస్తూ కడగండి.

మిగిలిన చిన్న ప్రశ్నలు. తలస్నానం: మొదటి నెల తల వెనక్కి వంచి వేరేవాళ్ళు పొయ్యాలి, కంట్లో నీళ్ళు పడకూడదు, తర్వాత మామూలే, చెరువులో ఈత మాత్రం డాక్టర్ సరే అనేదాకా వద్దు. వంట: పొగ లేని పొయ్యి అయితే వారం తర్వాత చెయ్యొచ్చు, తాలింపు చిటపటల దగ్గర కళ్ళజోడు పెట్టుకోండి. ఏడిస్తే కార్నియా పాడవుతుందా అని గుంటూరు నుంచి ఒక చెల్లెలు అడిగింది, పాడవదమ్మా. కంటి రంగు మారదు, ఆ రంగు వెనక ఉండే ఐరిస్‌ది, అది మీదే. గర్భం వస్తే మొదటి నెలలోనే కంటి డాక్టర్‌కి చెప్పండి, చుక్కలు మీ అంతట మీరు ఆపొద్దు. రెండు రకాల చుక్కలు వేసేటప్పుడు మధ్యలో అయిదు నిమిషాలు ఆగండి, సీసా మూతి రెప్పకి తగలనివ్వకండి, తెరిచి నెల దాటిన సీసా పారేయండి.